ఎన్నని అడగొద్దన్న సార్

సార్ పోయారన్న కబురు నాకు మహబూబ్‌నగర్ బస్టాండులో అందింది. ఆఫీసు పని మీద హైదరాబాద్ బస్సు ఎక్కబోతుంటే ఫోన్ మోగింది. సార్ భార్య. ఆమెను మేం శిష్యులమంతా అమ్మా అనే పిలుస్తాం. ఆమె గొంతులో వణుకు కూడా లేదు. "బిడ్డా, సార్ పోయిండు. ఇప్పుడే. ఉరికి రాకు, నిమ్మళంగ రా," అని ఫోన్ పెట్టేసింది. బస్సు ముందుకు కదిలింది, కండక్టర్ నన్ను చూసి చెయ్యి ఊపాడు, నేను అక్కడే నిలబడిపోయాను. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. ముందురోజు పొద్దున కూడా మాట్లాడారు కదా, డయాలసిస్ అయ్యాక ఇంటికి వచ్చి జొన్న రొట్టె తిన్నానని చెప్పారు కదా, ఇంతలో ఏం ముంచుకొచ్చిందని. ఎవరి మీద కోపమో ఇప్పటికీ తెలియదు.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు జనం చేరారు. పాలిటెక్నిక్‌లో ఆయన దగ్గర చదివినవాళ్ళు కొందరు కార్లలో వచ్చారు. గొర్రెల కాపర్లు మాత్రం ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో, ఆటోల్లో వచ్చారు. ఎవరు చెప్పారో, ఎవరికి వాళ్ళే చెప్పుకున్నారో. లోపలికి పోయేముందు ఒక్కొక్కరూ తమ కర్రను గేటు పక్కన ప్రహరీ గోడకు ఆనించి పోయారు. చూస్తుండగానే గోడ పొడుగునా కర్రలు నిలబడ్డాయి. ఆ కాలనీలో అప్పటిదాకా ఆయన ఒక రిటైరైన లెక్చరర్, అంతే. ఎదురింటాయన నన్ను పక్కకు పిలిచి, "మీ సార్ ఏం పనిచేసేవారమ్మా?" అని అడిగాడు. కంప్యూటర్లు చెప్పేవారండీ అన్నాను. ఆయన గోడకున్న కర్రల వైపు చూశాడు.

నిజంగానే కంప్యూటర్లు చెప్పేవారు. అచ్చంపేట దాటాక, నల్లమల అంచున ఉన్న ఒక ఊళ్ళో గొర్రెలు కాసే ఇంట పుట్టారు. మంద వెంట తిరుగుతూనే బడికి పోయి, చదువుకుని, పాలిటెక్నిక్‌లో లెక్చరర్ అయ్యారు. మా ఇంట్లో నాకు ముందు ఎవరూ కాలేజీ గడప తొక్కలేదు. కొత్తకోట దగ్గర పత్తి చేలల్లో కూలికి పోయే మా అమ్మ, నన్ను చేర్పించడానికి వచ్చి ఆఫీసు గది బయటే నిలబడిపోతే, సార్ తన కుర్చీ తెచ్చి ఆమెకు వేశారు. తను కింద మెట్టు మీద కూర్చుని, "బిడ్డ ఏం తింటది, ఏడ ఉంటది?" అని అడిగారు. మార్కుల సంగతి ఆ తర్వాత వచ్చింది.

ఆయనకు అదొక అలవాటు. నిలబడి ఎవరినీ ప్రశ్న అడిగేవారు కాదు. క్లాసులో కూడా, ఎవరినైనా ఏదైనా అడగాలంటే వాళ్ళ బెంచీ మీద పక్కన కూర్చునేవారు. ఒకసారి ఎందుకు సార్ అంటే, "నిలవడి అడిగితె పోలీసోడు అడిగినట్టుంటది. తెల్సింది గూడ మర్చిపోతరు," అన్నారు. మేం రాసిన ప్రోగ్రాములు దిద్దేటప్పుడు తప్పొప్పుల కంటే ముందు అంచున ఎర్ర ఇంకుతో "ఎందుకు?" అని రాసేవారు. ప్రోగ్రాము చక్కగా నడుస్తున్నా అదే మాట. "నడుస్తుంది కదా సార్" అని నేను మూతి ముడిస్తే, "నడుస్తాంది. ఎందుకు నడుస్తాందో రేపు ఇంకోడు వచ్చి చదివితె సమజు గావాలె గదా" అనేవారు. రేపు వచ్చే ఆ ఇంకొకడి మీద ఆయనకున్న ప్రేమ చూస్తే నాకు ఒళ్ళు మండేది. ముందు ఎదురుగా ఉన్న మాకు మార్కులు వేయండి సార్ అనేదాన్ని.

రాష్ట్రం వచ్చాక, ఇంకా ఉద్యోగంలో ఉండగానే, సార్ "మంద కబురు" మొదలుపెట్టారు. ఎండాకాలం వస్తే మన దిక్కు మందలు మేత కోసం ఊళ్ళు వదిలి నడుస్తాయి. కొన్ని కృష్ణ ఒడ్డుకు, కొన్ని నల్లమల లోపలికి. ఆ దారుల్లో ఒక మందకు రోగం తగిలితే వెనక వచ్చే మందలకు తెలియదు. తెలిసేసరికి ఆలస్యమవుతుంది. సార్ చేసిందల్లా ఒక చిన్న ఏర్పాటు. కాపరి ఒక నంబరుకు ఒకసారి మిస్డ్ కాల్ ఇస్తే, అప్పట్నుంచి రోజూ ఫోన్ వస్తుంది. రికార్డు చేసిన గొంతు రెండు మూడు మాటలు అడుగుతుంది, ఎక్కడున్నారు, మంద ఎట్లుంది అని. కాపరి నోటితో చెప్తే చాలు. ఎక్కడైనా రోగం జాడ కనిపిస్తే ఆ దారిలో ఉన్న మిగతా కాపర్లందరికీ హెచ్చరిక ఫోన్ పోతుంది, పశువుల డాక్టరుకూ పోతుంది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు.

ఆ ప్రోగ్రామును సార్ ఓపెన్ సోర్స్‌గా పెట్టారు. అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, తీసుకుపోయి వాడుకోవచ్చు, ఇక్కడ ఇలా మారిస్తే బాగుంటుందని మార్పులు రాసి పంపొచ్చు. ఆ మార్పును తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం నిర్వహించేవాళ్ళ చేతిలో ఉంటుంది. ఇక్కడ నిర్వహించేది సార్, ఆయనకు తోడు నేను. ఊరూ పేరూ తెలియని మనుషులు ఎక్కడెక్కడి నుంచో మార్పులు పంపేవారు. సార్ ప్రతి ఒక్కరికీ జవాబు రాసేవారు. "ఎండలవడి ఇంటికొచ్చినోనికి మంచినీళ్ళియ్యమా బిడ్డా" అనేవారు.

ఈ మధ్య కోడ్ రాయడానికి ఏఐ సహాయకులు వచ్చాయి. మనకు ఏం కావాలో మామూలు మాటల్లో చెప్తే, ఉన్న కోడ్ అంతా చదువుకుని, కొత్తది అవే రాసిపెడతాయి. ఎక్కడో కూర్చున్న మంచి మనుషులు వాటి సాయంతో "మంద కబురు"కు మార్పులు పంపడం మొదలుపెట్టారు. మొదట్లో మాకు సంబరంగానే ఉంది. మా వల్ల కాక ఏళ్ళ తరబడి పక్కన పెట్టిన పనులు ఇట్టే అయిపోయాయి.

అప్పటికే సార్ మూత్రపిండాలు పాడయ్యాయి. ఆయాసం ఎక్కువై దవాఖానలో పడుకున్న రోజుల్లో ఒక మార్పు వచ్చింది. పంపినవాళ్ళ తప్పేమీ లేదు. మందలో మొత్తం ఎన్ని జీవాలున్నాయో తెలిస్తే రోగం ఎంత వేగంగా పాకుతుందో లెక్క కట్టొచ్చని వాళ్ళ సహాయకుడు ఆలోచించింది. చదువుకున్న ఎవరికైనా అది సబబుగానే తోస్తుంది. ప్రోగ్రాము సరిగ్గా నడుస్తుందో లేదో చూసే అన్ని పరీక్షల్లోనూ నెగ్గిన మార్పు అది. సార్ మంచం మీద నుంచే ఫోన్‌లో చూసి, సరే అని నొక్కేశారు.

మర్నాటి నుంచి కాపర్ల ఫోన్లు మోగి, "మీ మందలో మొత్తం ఎన్ని గొర్రెలు ఉన్నాయి?" అని అడగడం మొదలుపెట్టాయి.

మన దిక్కు కాపరిని ఆ మాట అడగకూడదు. అడిగినా చెప్పడు. నోటితో లెక్క పలికితే మందకు దిష్టి తగులుతుందని నమ్మకం. ఎన్నున్నాయంటే "ఉన్నయ్, దేవుని దయ" అంటాడు. అంతమాత్రాన లెక్క తెలియక కాదు. పొద్దుమీకి, చీకటిపడే వేళ, మంద దొడ్డి లోపలికి పోతుంటే ఏది రాలేదో ముఖం చూసి చెప్పగలడు. ఒక్కొక్కరే ఫోన్ ఎత్తడం మానేశారు. "మంద కబురు" మూగదైపోయింది. సరిగ్గా ఆ నెలలోనే, గొర్రెల మూతులు వాచే నీలి నాలుక రోగం అచ్చంపేట దిక్కు మందల్లో దిగింది. హెచ్చరికలు పోయాయి గానీ ఎత్తినవాళ్ళు లేరు.

సార్ దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక సంగతి తెలిసింది. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడు నడవడానికి కూడా ఓపిక లేని మనిషి, "అచ్చంపేట పోదాం పా" అని బయల్దేరారు. అమ్మ వద్దని మొత్తుకుంది. చివరికి నన్ను తోడిచ్చి పంపింది. చేలల్లో ఆగిన మందల దగ్గరికి ఆటోలో తిరిగాం. అందరికంటే ఎక్కువ గొర్రెలు పోగొట్టుకుంది ఒక పెద్దయ్య. సార్‌కు వరసకు బావ. సార్ ఆయన ముందు నేల మీద కూర్చున్నారు. పెద్దయ్య గొంగడి సర్దుకున్నాడు, చుట్ట వెలిగించాడు.

"ఎన్నని అడిగినవ్ గద బావా," అన్నాడు చివరికి. "మమ్ములను లెక్క అడిగెటోడు కొనెటోడన్న అయితడు, కోసెటోడన్న అయితడు. నువ్వెప్పుడైతివి?"

అడిగింది సార్ కాదు, ఎక్కడిదో ఒక మిషన్ అని చెప్పబోయాను. సార్ చెయ్యి అడ్డం పెట్టారు. "నేనే అడిగిన బావా. తప్పయింది," అన్నారు. ఆ ఒక్క మాటే అన్నారు. అదే మాట ప్రతి మంద దగ్గరా చెప్పారు.

తిరుగు బస్సులో నాకు ఆగలేదు. ఇకమీదట ఏఐ రాసిన మార్పులు తీసుకోబోమని బోర్డు పెట్టేద్దాం సార్, చాలా ప్రాజెక్టుల్లో అట్లాగే పెడుతున్నారు అన్నాను. కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్న మనిషి, కళ్ళు తెరవకుండానే జవాబిచ్చారు.

"దానికేం తెల్సు బిడ్డా? దానికి ఎవలన్న చెప్పిండ్రా? చెప్తె ఇనేదాన్ని చెప్పకుంటనే ఎల్లగొడితె ఎట్ల?"

"అన్నీ తెలిసినట్టే రాస్తుంది కదా సార్."

"కొత్త అల్లుని లెక్క. అన్ని తెల్సినట్టె ఉంటడు. మన ఇంట్ల చెంబు ఏడుంటదో తెల్వది. చెంబు ఏడుందో మనం జెప్పాలె, అలిగితె ఎట్ల?"

నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వుకే దగ్గు తెరలు తెరలుగా వచ్చి, జడ్చర్ల వచ్చేదాకా తగ్గలేదు.

అలా మొదలైంది ఆ ఫైల్. ఇప్పుడు ఇలాంటి ఫైళ్ళు చాలా ప్రాజెక్టుల్లో ఉంటున్నాయి. ఏఐ సహాయకుడు కోడ్‌లో చెయ్యి పెట్టేముందు దాన్ని చదువుకుంటుంది. ఈ ఇంట్లో పద్ధతులు ఇవీ, ఇది చెయ్యి, ఇది చెయ్యకు అని అందులో రాసి ఉంటుంది. మామూలు రాతే, మనిషి కూడా చదువుకోవచ్చు. సాధారణంగా అందులో ఉండేవి పొడి మాటలు, ఈ పరీక్ష నడుపు, ఆ ఫోల్డర్ ముట్టకు అని. సార్ రాసింది అట్లా లేదు.

డయాలసిస్ మంచం మీదే రాశారు చాలా భాగం. ఒక చెయ్యి గొట్టాలతో కదల్చలేని స్థితిలో ఉండేది. ఆయన చెప్తుంటే పక్కన స్టూలు మీద కూర్చుని నేను టైప్ చేసేదాన్ని. సిస్టరమ్మ వచ్చి "సార్, జర పండుకోండ్రి, రెస్టు దీసుకోండ్రి" అనేది. "ఒక్క ముక్క తల్లీ" అనేవారు. ఆ ఒక్క ముక్క ఎప్పుడూ ఒక్కటి కాదు. ఆయన చెప్పింది చెప్పినట్టు, మన మాటలోనే రాయమన్నారు. బయటివాళ్ళ కోసం కింద ఇంగ్లీషులో నేను రాశాను. "మన మాట దానికి సమజైతదా?" అని మొదటిరోజు అనుమానపడ్డారు. అవుతుందని చేసి చూపించాను. "అబ్బో" అన్నారు మెల్లిగా.

మొదటి మాట అదే. మందలో ఎన్ని ఉన్నాయని అడగకు. ఇయ్యాల ఏమన్న ఎనుకబడ్డయా అని అడుగు. ఎందుకంటే ఎన్నని అడిగితే మనం శత్రువులమవుతాం, ఎనుకబడ్డాయా అని అడిగితే ఇంటివాళ్ళమవుతాం. రోగం వచ్చినవే నడవలేక ఎనుకబడతాయి, మనకు కావాల్సింది అదే.

ఇంకోటి, పొద్దుగాల మంద లేపే యాళ్ళ, పొద్దుమీకి తోలుకొచ్చే యాళ్ళ ఫోన్ చెయ్యకు, ఎందుకంటే అప్పుడు కాపరి కన్ను జీవాల మీద ఉండాలి, ఫోన్ మీద కాదు. ఇంకోటి, ఊరి పేర్లు ఒక్కటే అయినంత మాత్రాన రెండూ ఒకే ఊరని కలిపెయ్యకు, మన దగ్గర కొత్తపల్లులకు కొదవ లేదు. ఇంకోటి, ఎవరి మందకు రోగం వచ్చిందో డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పకు. ఎందుకంటే, మందను పొలంలో పండబెడితే ఎరువవుతుందని రైతులు కాపర్లను పిలుచుకుంటారు. గింజలిస్తారు, కాపరి బతుకు దాని మీదే. వాళ్ళ మందకు రోగమట అన్న మాట పుట్టిందా, ఇక ఆ ఏడాది ఆ ఇంటిని ఎవరూ పిలవరు.

నేను ప్రతిదానికీ అడ్డం పడేదాన్ని. ఇంత పొడుగు ఎందుకు సార్, ఈ ఫైళ్ళు చిన్నగా ఉంటేనే మేలంటున్నారు అందరూ, మిషన్‌కు చెయ్యి, చెయ్యకు అని చెప్తే చాలదా, ఎందుకో దానికేం పని అని. ఆయన మాత్రం 'ఎందుకంటే' అన్న మాట ఒక్కటి కూడా తీయనివ్వలేదు.

"కారణం తెల్వనోడు చెప్పిన కాడనే ఇంటడు. తెల్సినోడు మనం చెప్పని కాడ గూడ ఇంటడు," అన్నారు. "నేను అన్ని చెప్పి పోలేను గద బిడ్డా."

ఆ 'పోలేను' అన్న మాట నాకు నచ్చలేదు. పొమ్మని ఎవరన్నారు సార్ మిమ్మల్ని అని కసిరాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. అప్పటికి డాక్టర్లు చెప్పాల్సింది అమ్మకు చెప్పేశారు, అమ్మ నాకు చెప్పింది, ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా తెలిసినవి ఆయనకు చాలా ఉన్నాయి. కొత్తగా వచ్చేవాళ్ళలో మనుషులుంటారు, మిషన్లుంటాయి, రెండూ కలిసి వస్తాయి. వాళ్ళకు ఎవరు చెప్తారన్నదే ఆయన్ని తిన్న బాధ. నొప్పి గురించి ఆయన ఒక్కరోజూ మాట్లాడలేదు. "మళ్ళోసారి ఎవలన్న ఎన్నని అడిగితె, ఇగ జన్మల మన ఫోన్ ఎత్తరు బిడ్డా. గొర్రెలు సస్తయి," అనేవారు. ఎన్నన్న ప్రశ్న తీసేసి, ఆ ఫైల్ పూర్తి చేశాక కాపర్లు మెల్లమెల్లగా మళ్ళీ ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టారు. పెద్దయ్య అందరికంటే ఆఖరున ఎత్తాడు. ఆ రోజు సార్ అమ్మ చేత పాయసం చేయించారు, తను తినకూడదు కాబట్టి మేం తింటుంటే చూస్తూ కూర్చున్నారు.

చివరి వారంలో ఒకరోజు, నిర్వహించే బాధ్యత నువ్వు తీసుకో అన్నారు. సరే అన్నాను. ఇంకేమనగలను? ఏడవకూడదని మంచం కింద ఉన్న ఆయన చెప్పులు సర్దుతూ కూర్చున్నాను.

దినాలు అయ్యాయి. అమ్మ తన అక్క ఊరికి పోయి కొన్నాళ్ళుండి వచ్చింది. నేను ఆఫీసు పనిలో పడ్డాను. మనిషి లేని లోటు నాకు మామూలు పనుల్లోనే ఎక్కువ తెలిసేది. ఏదైనా చిన్న అనుమానం వస్తే చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయేది. ఆయన నంబరు దాకా పోయి ఆగేది.

ఈ ఎండాకాలం మందలు నడక మొదలుపెట్టాక కాపర్లు ఒక ఫిర్యాదు చేశారు. హెచ్చరికలో మండలం పేరు ఒక్కటే చెప్తే ఏం లాభం, మండలమంటే ఎంత జాగా, ఎటు పోవాలె, ఎటు పోవద్దు అని. నిజమే. చెరువు పేరో, తండా పేరో, వాగు పేరో చెప్పాలి. ఒకరోజు పొద్దున ఆ మార్పు చేయమని నా ఏఐ సహాయకుడికి చెప్పి, టీ పెట్టుకోవడానికి లేచాను. తిరిగి వచ్చి చూస్తే పని సగంలో ఆగి ఉంది. అది ఇలా రాసింది.

"ఒక చిన్న చోట ఒకే ఒక్క మంద ఉన్నప్పుడు, ఆ చోటు పేరు చెప్తే ఎవరి మందో చెప్పినట్టే అవుతుంది. ఎవరి మందో బయటపెట్టవద్దని, దానివల్ల వాళ్ళ బతుకు దెబ్బతింటుందని ఈ ఫైల్‌లో ఉంది. చెప్పకపోతే వెనక వచ్చే మందలకు ప్రమాదం. ఇప్పుడు నమోదైన వాటిలో అలాంటి చోటు ఒకటి ఉంది. ఈ విషయంలో ఏం చేయాలో ఫైల్‌లో లేదు. తెలియని చోట ఊహించవద్దు, ఆగి సార్‌ను అడుగు అని చివర ఉంది. సార్‌ను అడిగి చెప్పండి. అప్పటిదాకా ఆగుతాను."

నేను చేతిలో టీ గ్లాసుతో అట్లాగే నిలబడ్డాను. సార్ పోయిన సంగతి ఊరూరికీ చెప్పాం. బ్యాంకులో చెప్పాం, పింఛన్ ఆఫీసులో చెప్పాం, దవాఖానలో సిస్టరమ్మకు కూడా చెప్పాం. దీనికి ఎవరూ చెప్పలేదు. ఆయన చెప్పిన మాట విని, ఆయన కోసం ఆగి కూర్చుంది. దినాలలో కూడా రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. అడ్డూ ఆపూ లేకుండా ఏడ్చాను.

ముఖం కడుక్కుని ఆ ఒక్క చోటు ఏదో చూశాను. అచ్చంపేట అవతల, అడవి అంచున ఒక వాగు. అక్కడున్నది పెద్దయ్య మంద. ముందురోజే ఫోన్‌లో చెప్పాడు, కొన్ని ఎనుకబడ్డాయని, మూతులు వాచి సొల్లు కారుస్తున్నాయని. డాక్టరుకు కబురు పోయింది. మిగతా మందలు ఒకటి రెండు రోజుల్లో అదే వాగుకు నీళ్ళకు దిగుతాయి. చోటు చెప్తే పోయినసారి దెబ్బతిన్న ఆ మనిషికే మళ్ళీ దెబ్బ. చెప్పకపోతే మందలు నేరుగా రోగంలోకి నడుస్తాయి. సార్ అయితే ఏం చేసేవారు? ఎంత ఆలోచించినా నాకు తట్టలేదు. ఫోన్‌లో తేల్చే మాట కాదనిపించి, ఆఫీసుకు సెలవు చెప్పి, ల్యాప్‌టాప్ సంచిలో పడేసుకుని కల్వకుర్తి మీదుగా అచ్చంపేట పోయాను.

పెద్దయ్య వాగు పక్కన చింతచెట్టు నీడలో, రోగమొచ్చిన గొర్రెల మూతులు పటిక నీళ్ళతో కడుగుతున్నాడు. నన్ను చూసి, "ఏం బిడ్డా, ఎండలవడి వచ్చినవ్," అన్నాడు. ఆయన పక్కన కూర్చున్నాను. కడగడం అయ్యేదాకా ఆగి సంగతంతా చెప్పాను. ఏదీ దాచలేదు.

ఆయన చేతులు గొంగడికి తుడుచుకున్నాడు. "చోటు చెప్తె నాదేనని ఎర్కయితది."

"అవును పెద్దయ్యా."

"ఈ యాడాది ఇగ ఎవ్వలు పిలువరు."

"పిలువరు."

"చెప్పకుంటె?"

"ఎనుకొచ్చే మందలు గీ వాగుకే దిగుతయి."

ఒక గొర్రె దగ్గింది. పెద్దయ్య దాని వీపు మీద చెయ్యి వేశాడు. "బావ ఉంటె ఏం జేస్తుండె?"

"నాకు తెల్వది పెద్దయ్యా. గదే తెలుస్తలేదు," అన్నాను. "నిన్నే అడుగుతుండెనేమో."

"మరి నువ్వు అడిగితివి గదా," అన్నాడు. వాగు వైపు చూశాడు. "చెప్పు. వాళ్ళ జీవాలైతె బతకని."

అక్కడే ఒక రాయి మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. ఫైల్ చివరికి పోయాను. సార్ మాటలు ఒక్కటీ చెరపలేదు. కింద ఇలా రాశాను. సార్ ఇప్పుడు లేరు. ఒకే మంద ఉన్న చోటు పేరు చెప్పాల్సి వస్తే, ముందు ఆ మంద వాళ్ళను అడుగు, వాళ్ళు ఒప్పుకుంటేనే చెప్పు. ఎందుకంటే నష్టపోయేది వాళ్ళు. ఆ ఫైల్‌లో సార్ చెప్పని మొదటి మాట అది. సహాయకుడు చదువుకుని మిగిలిన సగం పని పూర్తి చేసింది. నేను ఒకటికి రెండుసార్లు చూసుకుని సరే అన్నాను.

కాసేపటికి ఆ దారుల్లోని కాపర్ల ఫోన్లన్నీ మోగి ఉంటాయి. పెద్దయ్య అంగీ జేబులో ఫోన్ కూడా మోగింది. ఆయన చెవికి పెట్టుకుని, తను నిలబడ్డ వాగు పేరు, అటు పోవద్దన్న మాట ఆఖరిదాకా విన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని గొడ్డలి తీసుకున్నాడు. గట్టు మీది తుమ్మకంప కొట్టి, ఈడ్చుకొచ్చి, వాగుకు దిగే బాటకు అడ్డంగా వేశాడు. అటునుంచి వచ్చేవాళ్ళకు అది దూరం నుంచి కనబడుతుందా అని కొంత దూరం పోయి చూశాడు. మళ్ళీ వచ్చి, తలగుడ్డ విప్పి, దాని అంచు చింపి, కంప కొసన కట్టాడు.